రెండు మంచి దారులు, ఒక్క మాట



మంచికి, చెడుకు మధ్య ఏది ఎన్నుకొనవలెనో మనము చిన్నప్పటి నుండి వింటూనే ఉన్నాము. రెండూ మంచివే అయినప్పుడు ఏమి చేయవలెనో మనకు చెప్పినవారు తక్కువ. ఈ ప్రశ్న కొంతకాలము క్రిందట మా యింటి వసారాలోనికే వచ్చి కూర్చున్నది.

బెంగుళూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబములు కొన్నింటికి సైన్యముతో పాత సంబంధమున్నది. మద్రాసు సాపర్ల కేంద్రము ఈ ఊరిలోనే కదా. అటువంటి ఇంటిలో పుట్టిన ఒక యువకుడు షార్ట్ సర్వీసు కమీషనులో పదేండ్లు అధికారిగా పనిచేసి బయటికి వచ్చెను. ఈ కమీషనులో మొదటి గడువు పదేండ్లు, ఆపైన పొడిగింపు నాలుగేండ్లు. పూర్తి పెన్షనుకు అధికారికి ఇరువది ఏండ్ల సర్వీసు కావలెను గనుక, ఇట్లు వచ్చినవారికి పెన్షను ఉండదు. ముప్పది మూడేండ్ల వయస్సులో, భార్యతో, పసిబిడ్డతో బ్రతుకు మరల మొదలుపెట్టవలెను.

ఇటువంటివారి కొరకు రక్షణశాఖకు చెందిన పునరావాస డైరెక్టరేటు వారు పేరున్న మేనేజిమెంటు సంస్థలలో ఆరు నెలల కోర్సులు ఏర్పాటు చేయుదురు. ఇతడు మాత్రము ఒక సంవత్సరము పూర్తిగా చదువదలచి పరీక్ష వ్రాసెను. రెండుచోట్ల సీటు వచ్చెను. ఒకటి దేశమంతట పేరున్న సంస్థ. ఫీజులో తగ్గింపు లేదు. రెండవది అంత పేరు లేకపోయినను మంచి సంస్థయే. సగానికి పైగా ఫీజు మాఫీ చేసిరి. రెండవదే ముందు వచ్చినందున డిపాజిట్టు కట్టి ఒప్పుకొనెను. మూడు వారములకు మొదటి దాని నుండి ఉత్తరము వచ్చెను. పది దినములలో డబ్బు కట్టవలెను.

"మాస్టారూ, పటాలంలో ఉన్నన్నాళ్ళూ ఎక్కడికి వెళ్ళాలో పోస్టింగు ఆర్డరే చెప్పేది. ఇప్పుడు ఎవరూ ఆర్డరు ఇవ్వడం లేదు, నాకు నిద్ర పట్టడం లేదు" అనెను.

మేము కాగితము, పెన్ను తీసికొంటిమి. బడిపంతులు అలవాటు అది. మొదటి సంస్థకు ముప్పది లక్షలు అప్పు చేసి, నూటికి 10 వడ్డీతో పదేండ్లలో తీర్చినచో, నెలకు సుమారు 39,600 రూపాయలు కట్టవలెను. రెండవదానికి పన్నెండు లక్షలు చాలును. నెలకు సుమారు 15,900. అనగా పేరు కొరకు నెలకు దాదాపు 23,700 రూపాయలు, పదేండ్లపాటు. "బాబూ, చదువు అయిన తరువాత మన ఊరిలోనే పనివాళ్ళకు శిక్షణ ఇచ్చే సంస్థ పెడతానంటివి కదా. ఇంత అప్పుంటే పెట్టగలవా? ఎక్కువ జీతమిచ్చేవాడు ఎక్కడికి రమ్మంటే అక్కడికి పోవలసి వస్తుంది" అంటిమి. అతడు కాదనలేదు. అయితే ఆ పేరున్న చోట పరిచయమయ్యే మనుష్యులు, దానిని చూచి తెరుచుకొనే తలుపులు ఏ లెక్కలో వేయవలెనని అడిగెను. మా కాగితములో దానికి గడి లేదు. కొన్ని మేళ్ళను ఒకే తక్కెడలో తూచలేము. బియ్యమును శేరుతో కొలుతుము, గుడ్డను గజముతో కొలుతుము. ఈ రెంటిలో ఏది ఎక్కువ అని అడిగిన ఏ కొలతా జవాబు చెప్పదు.

ఫ్రాన్సు దేశపు తత్వవేత్త ఝాఁ పాల్ సార్త్ర్ 1945లో ప్యారిస్‌లో చేసిన ఒక ఉపన్యాసములో ఇటువంటి సంగతి చెప్పెను. జర్మనీ వారు ఫ్రాన్సును ఆక్రమించియున్న దినములలో ఆయన శిష్యుడొకడు వచ్చి, ఇంగ్లండు వెళ్ళి విముక్తి సేనలో చేరనా, లేక తనపైనే ఆధారపడిన తల్లి యొద్ద ఉండనా అని అడిగెను. అతని అన్న 1940లో యుద్ధములో చనిపోయెను. ఏ సూత్రమూ ఆ పిల్లవానికి జవాబు చెప్పలేదని, అతడే ఎన్నుకొనవలెనని సార్త్ర్ చెప్పెను. ఆయన చెప్పిన అన్నిటితో మేము ఏకీభవింపము. కాని ఒక్క మాట మమ్మును గ్రుచ్చెను: ఎవరిని సలహా అడుగుదుమో ఎన్నుకొనుటలోనే ఏ సలహా కావలెనో సగము ఎన్నుకొనియుందుము. ఈ యువకుడు పొదుపుకు పేరుబడిన ముసలి పంతులు నొద్దకు వచ్చెను. మా తండ్రిగారి అప్పులు తీర్చుటలో మా యౌవనము గడిచినది. మేము చెప్పినది అతని లెక్కయా, మా భయమా?

అందుచేత ఏ సీటు అన్నది ప్రక్కన పెట్టి, అతని చేతిలోనే ఉన్న రెండు సంగతులు మాట్లాడితిమి.

మొదటిది: రెండుచోట్ల డబ్బు కట్టి, తరగతులు మొదలయ్యే నాటికి తేల్చుకొనుమని స్నేహితులు చెప్పిరట. డిపాజిట్టు పోయినచో పోనిమ్మనిరట. కాని పట్టి ఉంచిన సీటు కొరకు వెయిటింగు లిస్టులో ఒకడు ఎదురుచూచుచుండును. అతడును ఉద్యోగమునకు రాజీనామా ఇవ్వవలెనా వద్దా అని నిద్ర లేకుండ ఉండును. మనము కోల్పోయిన డిపాజిట్టు కాలేజీకి చేరును. అతని సంవత్సరము అతనికి తిరిగి రాదు. ఇది తప్పని మేము తడబడకుండ చెప్పితిమి.

రెండవది కష్టమైనది. డిపాజిట్టు వదలుకొని మానుకొనవచ్చునని కాలేజీ కాగితములోనే ఉన్నది గనుక మానుటలో మోసము లేదు. అయితే అతడు ఫీజు మాఫీ కోరుచు, "మీరు సాయము చేస్తే తప్పక మీ దగ్గరే చేరుతాను" అని వ్రాసియుండెను. వారు ఆ మాటను నమ్మి ఇచ్చిరి. నిబంధన కాగితము ఒకటి, ఇచ్చిన మాట మరియొకటి. కాగితము విడిచిపెట్టినను మాట విడిచిపెట్టలేదు. మాట తీసికొన్నవారే దానిని విడిచిపెట్టగలరు.

అతడు చాలసేపు మాటలాడలేదు. మరునాడు ఆ కాలేజీకి దాచకుండ అంతయు వ్రాసెను: వేరొక సీటు వచ్చినది, నేను మాట ఇచ్చియున్నాను, మీరు కాదన్నచో మీ యొద్దనే చేరెదను అని. ఆ రెండు దినములు అతడు నిజముగానే ఆ జవాబుకు కట్టుబడియుండెను. వారు మర్యాదగా జవాబిచ్చి, మాఫీ మరియొకరికి ఇచ్చెదము, మీరు నిశ్చింతగా నిర్ణయించుకొనుడని వ్రాసిరి.

అతడు పేరున్న సంస్థకే వెళ్ళెను. మేమైతే అట్లు చేయకపోదుము. "అప్పు పదేండ్లని తెలుసు మాస్టారూ. సైన్యంలో పదేండ్లు చేశాను కదా, ఇదీ చేస్తాను. ఈసారి ఆర్డరు నాదే" అనెను. ఇప్పుడు నెలనెల కంతు కట్టుచున్నాడు. శిక్షణ సంస్థ ఇంకను మొదలు కాలేదు. మొదలగునో లేదో మేము చెప్పలేము. మా భయము నిజమగునేమో. అయినను అతనిని చూచినప్పుడు మాకు చింత లేదు. అతడు ఎవరి స్థలమును పట్టియుంచలేదు, ఎవరి నమ్మికను దొంగిలించలేదు, తన నిర్ణయమును మా నెత్తిన పెట్టలేదు.

2022లో అగ్నిపథ్ పథకము వచ్చిన తరువాత, నాలుగేండ్లకే సైన్యమునుండి తిరిగివచ్చు యువకులు మన ఇండ్లలోను ఉందురు. వారు వచ్చి, ఏ దారి మంచిదని మనలను అడుగుదురు. పెద్దలారా, దారి చెప్పుటకు తొందరపడకుందము. లెక్క వేసి చూపుదము, మన భయమును మన భయమని ఒప్పుకొందము, ఎవరికి మాట ఇచ్చితివని అడుగుదము. తక్కినది వారికి విడిచిపెట్టుదము.