చర్మకారుడైన సీమోను ఇంట్లో

చలి ముదిరే కొద్దీ టొరంటోలో తోలు వాసన సెంటు అడిగేవాళ్లు పెరుగుతారు. నేను ఇక్కడ సెంటు కౌంటరులో పనిచేస్తాను. నవంబరు సాయంత్రాల్లో ఆఫీసుల నుంచి నేరుగా వచ్చే మగవాళ్లు ఘాటుగా, మసాలా తగిలేలా, ఉన్ని కోటు మీద అర్ధరాత్రి దాకా నిలిచే కొలోన్ కావాలంటారు. అట్టపట్టీ మీద కొట్టి ఇస్తే వాసన చూసి కళ్లు మూసుకుంటారు. ఒక్కో సీసాకు వందల డాలర్లు పెడతారు. మా తాత ఒంగోలు దగ్గర పల్లెలో లంద పెట్టుకుని తోళ్లు ఊనినవాడు. ఒంటికి తోలు వాసన పట్టిందని ఆయన్ని ఊళ్లో ఏ అరుగు మీదా కూర్చోనివ్వలేదు. ఆదివారం సాయంత్రం ఆరాధనకు బయల్దేరేముందు ఆయన మనవణ్ణి నేను, తోలు పేరు పెట్టుకున్న సెంటు మణికట్టుకు రాసుకుంటాను. అంటరానిదన్న వాసన ఖరీదైన సీసాలోకి చేరితే పవిత్రమైనట్టేనా? విశ్వాసిగా ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పుకోవాలి.

ముందు సీసాలో ఏముందో చూద్దాం. తోలు సెంటులో తోలు ఉండదు. బర్చ్ చెట్టు బెరడును కాల్చి తీసిన తారు, ఐసోబ్యూటైల్ క్వినొలిన్ అనే రసాయనం, కొన్నిటిలో కుంకుమపువ్వు, మిరియాలు, యాలకులు, లవంగం. వీటన్నిటినీ కలిపితే మన ముక్కు తోలు అనుకుంటుంది. ఒకప్పుడు బీవరు అనే జంతువు గ్రంథుల నుంచి తీసిన కాస్టోరియం కూడా కలిపేవారు. ఇప్పుడు చాలావరకు దాని బదులు కృత్రిమమైనవే వాడుతున్నారు. చలిలో వాసన నెమ్మదిగా ఆవిరవుతుంది కాబట్టి, ఒంగోలు ఎండలో ఊపిరాడనివ్వని బరువైన వాసన కూడా ఇక్కడి జనవరిలో మెడ దగ్గర అణిగి ఉంటుంది.

ఈ బర్చ్ తారు సెంటుల్లోకి వచ్చింది రష్యా తోళ్ల దారినే. అక్కడివాళ్లు తోళ్లను చెట్ల బెరడుతో ఊని, ఆపైన బర్చ్ నూనె పట్టించేవాళ్లు. 1786లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి జెనోవాకు అలాంటి తోళ్లు తీసుకెళుతున్న మెట్టా కాథరీనా అనే ఓడ ఇంగ్లండులో ప్లిమత్ దగ్గర మునిగిపోయింది. 1973లో ఈతగాళ్లు దాన్ని కనుగొని, బురదలోంచి తోళ్లు పైకి తీస్తే, వాటితో మళ్లీ వస్తువులు కుట్టగలిగారు. మాస్కోలో పుట్టిన ఎర్నెస్ట్ బో 1920లలో షనెల్ కోసం చేసిన సెంటుకు పేరు రష్యా తోలు మీదే పెట్టారు. ఆ సెంటు చేసినవాడి పేరు పుస్తకాల్లో ఉంది. సముద్రం కింద దాదాపు రెండు శతాబ్దాలు చెడకుండా నిలిచిన ఆ తోళ్లను ఊనిన చేతుల్లో ఒక్కదాని పేరూ లేదు.

మా లంద సంగతీ అంతే. పచ్చితోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుక గీకి, కండ తీసి, తంగేడు చెక్క నానిన నీళ్లలో రోజుల తరబడి ఉంచేవాళ్లు. కరక్కాయ కూడా వేసేవాళ్లు. మొదట్లో వచ్చే వాసన భరించడం కష్టమే. అది కుళ్లబోయే చర్మం వాసన. తంగేడు పట్టిన కొద్దీ అది పోయి, వగరుగా, తడి కలప లాంటి వాసన వస్తుంది. పనివాడు మొదటి వాసనను తన ఒంటిమీద మోస్తేనే రెండో వాసన పుడుతుంది. ఆ తంగేడు పూలే తెలంగాణలో బతుకమ్మకు పేర్చుతారు. అదే ఆ రాష్ట్ర పుష్పం. పువ్వు దేవత దగ్గరికి వెళ్లింది, చెక్క లందలోకి వచ్చింది. చెట్టు మాత్రం ఒక్కటే.

ఆంధ్రదేశం నుంచి కాశీకి వెళ్లిన పండితుడిగా మనవాళ్లు చెప్పుకునే అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో గంధం భూమికున్న గుణమనీ, అది సువాసన, దుర్వాసన అని రెండు విధాలనీ చెప్పాడు. ఆ లెక్కలో మూడోది లేదు. అంటదగిన వాసన, అంటరాని వాసన అని ఆయన విడదీయలేదు. ముక్కుకు తెలిసేది ఇంపు, కంపు మాత్రమే. మైల ముక్కుకు తెలియదు. ఎవరో చెబితేనే తెలుస్తుంది.

జంతువు నుంచి వచ్చింది కాబట్టి మైల అందామా? తిరుమలలో మూలవిరాట్టుకు శుక్రవారం పునుగు తైలం పూస్తారు. అది పునుగుపిల్లి గ్రంథి నుంచి వచ్చేదే. కస్తూరి కూడా మృగం నుంచి వచ్చేదే. మృదంగం మీద చర్మం లేకపోతే కీర్తనకు తాళం లేదు. మా జిల్లాలో మోటార్లు రాకముందు కపిల బావుల్లో నీళ్లు తోడిన బాన తోలుదే. ఆ నీళ్లతో పండిన వడ్లు ఊరందరి కుండల్లోనూ ఉడికాయి. తోలును ఎవరూ దూరం పెట్టలేదు. తోలు చేసినవాణ్ణే దూరం పెట్టారు. వాసన అందుకు చెప్పుకున్న సాకు.

ఈ సాకు మన దేశానిదే కాదు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మసంహిత మిష్నా, తోళ్లు ఊనే చోటు పట్టణానికి కనీసం యాభై మూరల దూరంలో, తూర్పు వైపున మాత్రమే ఉండాలంటుంది. భర్త ఒంటి వాసన భరించలేనని తోళ్లవాడి భార్య విడాకులు అడగవచ్చునంటుంది. అలాంటి తీర్పులు పుట్టిన సమాజంలోనే, యొప్పేలో సముద్రపు ఒడ్డున సీమోను అనే చర్మకారుడు ఉండేవాడు. యేసు శిష్యుడు పేతురు అతని ఇంట చాలా రోజులు బస చేశాడని అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం చివర ఉంది.

పదో అధ్యాయం అందరికీ తెలుసు. మిద్దె మీద ప్రార్థన చేస్తున్న పేతురుకు ఆకలి వేసింది. ఆకాశం నుంచి దుప్పటి లాంటిది దిగింది. అందులో ఉన్న రకరకాల జంతువులను చంపి తినమంది ఒక స్వరం. నిషిద్ధమైనది ఎన్నడూ తినలేదన్నాడు పేతురు. దేవుడు పవిత్రం చేసినదాన్ని నిషిద్ధమనవద్దని జవాబు వచ్చింది. ప్రసంగాల్లో అందరూ ఈ దుప్పటి దగ్గర ఆగుతారు. మా నాయనమ్మ మాత్రం ఈ కథ చెప్పేటప్పుడు ముందు, ఎవరి మిద్దె అది, అని అడిగేది. ఆమె ప్రశ్నలోనే నా జవాబు ఉంది. దర్శనం తర్వాత పేతురు సీమోను ఇంటికి వెళ్లలేదు. సీమోను ఇంట్లో ఉండగా దర్శనం కలిగింది. తోళ్లవాడి ఇంట్లో తిని, పడుకుని, లేచినవాడికే ఆ మాట వినబడింది. కైసరయలో కొర్నేలీ అనే రోమా శతాధిపతికి కనబడ్డ దేవదూత పేతురును ఎక్కడ వెతకాలో చెబుతూ చర్మకారుడి ఇంటి గుర్తు చెప్పాడు. కొర్నేలీ మనుషులు వచ్చినప్పుడు, అన్యజనులని చూడకుండా, పేతురు వాళ్లను లోపలికి పిలిచి ఆ ఇంట్లోనే ఆతిథ్యమిచ్చాడు. గడప దాటడం ముందు జరిగింది, సిద్ధాంతం తర్వాత వచ్చింది.

సెంటు చరిత్ర దీనికి ఎదురుగా నడిచింది. ఫ్రాన్సులో గ్రాస్ పట్టణం మొదట తోళ్ల ఊరు. అక్కడ ఊనిన తోలుతో చేసిన చేతితొడుగుల వాసన దొరలకు పడకపోతే, వాటికి పూల పరిమళం పట్టించారు. తర్వాత తోళ్ల పని తగ్గి, పరిమళం మిగిలింది. ఇప్పుడు ఆ ఊరు ప్రపంచ సెంటు రాజధాని. వస్తువును లోపలికి రానిచ్చి మనిషిని బయటే ఉంచే మర్యాద అది. నేను అమ్మే సీసా కూడా ఆ మర్యాద నుంచే పుట్టింది. తోలు గుర్తుకు వస్తుంది, తోలు పనివాడు గుర్తుకు రాడు. దాన్ని శుద్ధి అనడానికి నా మనసు ఒప్పుకోదు.

మా పల్లెల్లో సీమోను దారి ఒకసారి తెరుచుకుంది. తోళ్ల వ్యాపారం చేసే మాదిగ పెద్ద యర్రగుంట్ల పేరయ్య 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీల దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు. పన్నెండేళ్లకు, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఆ జనంలో లంద వాసన లేనివాళ్లు ఎందరుంటారు? ఆ వాసన కడుక్కుని రమ్మని వాళ్లకు ఎవరూ షరతు పెట్టలేదు. అందుకే ఆ రోజును నేను ఆరాధనగా తలుస్తాను.

నిర్గమకాండములో పరిశుద్ధ ధూపద్రవ్యం గురించి చెబుతూ, వాసన చూసి ఆనందించడానికి తనకోసం అలాంటిది చేసుకున్నవాణ్ణి ప్రజల్లోంచి కొట్టివేయాలని ఉంది. కఠినమైన మాటే. పరిమళాన్ని ఒక్కడి సొత్తు చేసుకోకూడదని నేను దాన్ని అర్థం చేసుకుంటాను. అదే గ్రంథంలో ప్రత్యక్ష గుడారానికి కప్పు ఎరుపు వేసిన పొట్టేళ్ల తోళ్లు. ధూపం పైకి లేచింది చర్మకారుడి పనితనం కిందనే.

కాబట్టి నేను తోలు సెంటు మానను. అది పాపం కాదు, పవిత్రతా కాదు. చలిసాయంత్రానికి మంచి వాసన, అంతే. పవిత్రత వేరేచోట తేలుతుంది. రాణిపేటలో, కాన్పూరులో క్రోమియం నీళ్లలో చేతులు పెట్టి తోళ్లు ఊనే మనిషి మన బల్ల దగ్గర కూర్చోగలడా, అతని ఇంట్లో మనం నిద్రపోగలమా, మా పల్లెల్లో ఇప్పటికీ కులానికొకటిగా ఉన్న చర్చీలు ఒక్కటవుతాయా అన్నదగ్గర తేలుతుంది. సీమోను అతిథిని చేర్చుకున్నాడు, పేతురు ఆతిథ్యం తీసుకున్నాడు. సంఘం చేయవలసిన శుద్ధి అదొక్కటే. అది చేయకుండా ఎంత పరిమళం పూసుకున్నా మనం ఇంకా యాభై మూరల అవతలే ఉన్నాం.