పొరుగింటి గోడ

ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ చదివే మన పిల్లలు చివరి ఏడాది ప్రాజెక్టుకు మన బొమ్మలనే ఎంచుకుంటున్నారు. సంతోషమే. కానీ ఒక ప్రశ్న మిగులుతుంది: మన జాతి బొమ్మే కదా, ఎవరినీ అడగనక్కర లేదా?

సవరల గోడబొమ్మనే చూద్దాం. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి కలిపిన నీళ్లతో, పుల్లతో గీస్తారు. అది అలంకారం కోసం పుట్టింది కాదు. జబ్బు చేసినప్పుడో, చనిపోయిన పెద్దల కోసమో, పంట బాగుండాలనో ఆ ఇంటివాళ్లు వేయించుకునే బొమ్మ. 1951లో వెరియర్ ఎల్విన్ ఈ బొమ్మలను పుస్తకానికెక్కించినప్పుడు, వాటిని ఎందుకు వేస్తారో కూడా రాశాడు. బయటివాడు అడిగి తెలుసుకున్నదాన్ని లోపలివాళ్లం అడగకుండా వదిలేస్తే ఎలా?

సవర ఇంట పుట్టినంత మాత్రాన ప్రతి ఇంటి పెద్దలూ మన పెద్దలైపోరు. పొరుగింటి గోడ పొరుగింటిదే.

"తాత వద్దంటే నా మార్కులు పోవా?" అని ఒక విద్యార్థి అడిగాడు. పోనక్కర లేదు. ఆ 'వద్దు' కూడా పరిశోధనే. ఎందుకు వద్దన్నాడో, ఏది గీయవచ్చన్నాడో రాయాలి. సరేనంటే, ఆయన ఇష్టపడితే ఆయన పేరు రాయాలి, ఒక ప్రతి ఆ ఇంటికి ఇచ్చి రావాలి. మార్కులు వేసే టీచర్లూ ముందుగా అడగాల్సింది ఇదే: "ఎవరిని అడిగి గీశావు?"

డిగ్రీ కొన్నేళ్లలో చేతికొస్తుంది. ఊళ్లో పోయిన నమ్మకం అంత తొందరగా రాదు.