అలుగు పొలుసు పోతే కిన్నెర మిగులుతుందా?

కిన్నెర అనే తీగ వాద్యానికి పాతకాలంలో స్వరస్థానాల మెట్లు అలుగు (పాంగోలిన్) పొలుసులతో చేసేవారు. వెదురు గొట్టం, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, మెట్లను పట్టి ఉంచే తేనెమైనం: అన్నీ పాలమూరు అడవి అంచు పల్లెలకు చేతికందే సరుకులే. అలుగు మాత్రం ఇప్పుడు అందకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని కాపాడుతోంది. 2016లో జోహన్నెస్‌బర్గ్‌లో సమావేశమైన దేశాలు అన్ని జాతుల అలుగుల అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించాయి. అంటే మెట్టు మారి తీరాల్సిందే. మారాక అది కిన్నెరేనా?

ఈ తరహా ప్రశ్నకు రెండువేల ఏళ్ల వయసుంది. గ్రీకు రాజు మిళిందుడు రథమెక్కి వస్తే, బౌద్ధ భిక్షువు నాగసేనుడు ఆ రథాన్నే ముందు పెట్టి అడిగాడు: ఇరుసు రథమా, చక్రం రథమా, నొగలు రథమా? ఏదీ కాదని రాజు ఒప్పుకున్నాడు. భాగాలు ఒక తీరున కూడినప్పుడు వాడే పేరే రథం అన్నది నాగసేనుడి లెక్క. ఫణిగిరి గుట్ట మీద స్తూపం, విహారాలు బయటపడ్డ పాత నల్లగొండ జిల్లాకు ఇలాంటి వాదాలు పరాయివేమీ కావు.

ఆ లెక్కన పొలుసు పోయి ఇత్తడి వచ్చినా కిన్నెరకు లోటు లేదు. మెట్లన్నీ స్వరానికి సరిగ్గా కుదిరితే చాలు. అయితే మెట్టు పనిముట్టు. దాని సంగతి తేలిగ్గానే తేలుతుంది. అలంకారం మాటేమిటి? చిక్కంతా అక్కడుంది.

చేత్తో గిటార్లు చేసేవాళ్లు ఈ చిక్కును మిల్లీమీటర్లలో ఎదుర్కొంటారు. అంచు చుట్టూ ముత్యపు చిప్ప ముక్కలో, రంగు చెక్క పట్టీయో పొదగాలంటే రౌటర్ అనే కోత యంత్రంతో గాడి తియ్యాలి. ఏ బిట్ వాడాలన్నది మొదటి తగాదా. పొట్టును పైకి లాగే స్పైరల్ బిట్ గాడిని శుభ్రంగా ఉంచుతుంది గానీ, స్ప్రూస్ లాంటి మెత్తని చెక్క అంచును పీచులు లేపేస్తుంది. కిందికి నొక్కే బిట్‌తో అంచు కత్తిరించినట్టు వస్తుంది. పొట్టు మాత్రం గాడిలోనే కూరుకుపోయి వేడెక్కుతుంది, అందుకే కొద్దికొద్దిగా దించుకుంటూ పోవాలి. పైచెక్క మందమే సుమారు మూడు మిల్లీమీటర్లు. అంచు గాడి మరీ వెడల్పయితే, లోపల పైచెక్కకూ పక్కచెక్కకూ అతుకు ఇచ్చే పట్టీని కూడా తినేస్తుంది. సోకు కోసం ఒంటిని ఎంత కోయొచ్చు?

తమాషా ఏమిటంటే, పొదిగిన ఆ పట్టీ ఊరకే కూర్చోదు. తెగిన చెక్క కొసలను తేమ నుంచి, దెబ్బల నుంచి కాస్తుంది. నాద రంధ్రం చుట్టూ వేసే వలయం కూడా అంతే; చెక్క గీత వెంట చీలిపోకుండా కొంత అడ్డుపడుతుంది. నగ అనుకున్నది ఎముకలా పనిచేస్తోంది. అలంకారం వేరు, శరీరం వేరు అని గీత గీసే పండితుడికి ఒక్కసారి ఆ రౌటర్ చేతికివ్వాలి.

కిన్నెరకు ఇంకో భాగం ఉంది, బిట్‌కు దొరకనిది. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది పన్నెండు మెట్ల కిన్నెర వాయించినందుకే; కానీ పాలమూరు ఊళ్లలో జనం ఆయన చుట్టూ మూగింది పండుగ సాయన్న కథ కోసం. పెద్దల సొమ్ము దోచి పేదలకు పంచిన సాయన్నను పాడకుండా ఆ వెదురును ఎంత నిక్కచ్చిగా శ్రుతి చేసినా, వినే ఊరు దాన్ని పూర్తి కిన్నెరగా లెక్కవేస్తుందా అన్నది అనుమానమే. కథను రథం భాగాల జాబితాలో ఎక్కడ రాయాలి?

పాలమూరులోనే ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఉంది. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట కూడవెల్లిలో చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయం ఉండేది. శ్రీశైలం జలాశయం ముంపు వస్తుందని దాన్ని రాయికి రాయి విప్పి అలంపురంలో మళ్లీ పేర్చారు. రాళ్లు అవే, అమరిక అదే, దేవుడి పేరూ అదే. భక్తులు వస్తూనే ఉన్నారు. నాగసేనుడి జాబితా ప్రకారం ఒక్కటీ తగ్గలేదు. తగ్గింది రెండు నదులు. సంగమేశ్వరుడి గుడిలో సంగమం భాగమో కాదో రాళ్లు పేర్చిన ఇంజనీర్లను ఎవరూ అడగలేదు, అడిగినా అది వాళ్ల కొలతలకు అందేది కాదు.