బయట భోజనం: బిస్మిల్లాహ్ నుంచి అల్‌హమ్దులిల్లాహ్ వరకు

విశ్వాసి భోజనానికి రెండు హద్దులున్నాయి. అది బిస్మిల్లాహ్‌తో మొదలవుతుంది, అల్‌హమ్దులిల్లాహ్‌తో ముగుస్తుంది. ఇంట్లో దస్తర్‌ఖాన్ పరచుకొని కూర్చున్నప్పుడు ఈ రెండు మాటలు అలవాటుగానే మన నాలుక మీదికి వస్తాయి. పిల్లవాడు మరచిపోతే తల్లి గుర్తు చేస్తుంది. మరి చల్లని గదిలో, మెత్తని కుర్చీలో, చేతిలో మెనూ పట్టుకొని కూర్చున్నప్పుడు మనకు వీటిని గుర్తు చేసేదెవరు? అసలు ఆ బల్ల ఈ రెండు మాటలు పలకడానికి తగినదేనా అని మనలో ఎంతమందిమి ఆలోచిస్తున్నాం?

సోదర సోదరీమణులారా! నేడు ఈ ప్రశ్న పెద్ద ధనవంతులకే పరిమితమైనది కాదు. మన మధ్య తరగతి ఇళ్ళలోకీ వచ్చింది.

శంషాబాద్ దారి

శంషాబాద్‌నే తీసుకుందాం. పాయిగా ప్రభువుల బిరుదైన షంసుల్ ఉమరా నుంచి ఈ ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. ఒకప్పుడు బెంగుళూరు రహదారి మీద బస్సు ఆగితే చాయ్, సమోసాతో సరిపెట్టుకొని సాగిపోయే చోటు అది. 2008 మార్చిలో అక్కడ రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైంది. 2009 అక్టోబరులో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ మార్గం వచ్చింది. 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు కూడా ఆ ఊరినే తాకుతూ వెళ్ళింది. వాటి వెంట నక్షత్ర హోటళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, రంగురంగుల దీపాల తోట రెస్టారెంట్లు వెలిశాయి. చాంద్రాయణగుట్ట వైపు నుంచి విమానాశ్రయానికి పోయే దారిలో బార్కస్ ఉంది. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల వారసుల పేట అది. వారి ఇళ్ళలోని మందీ ఇప్పుడు నగరమంతటికీ విందుగా మారింది.

ఈ దారితో మన కుటుంబాలకు మరో బంధం కూడా ఉంది. ఉమ్రాకు, హజ్‌కు వెళ్ళే పెద్దలను సాగనంపేది ఇక్కడే. దుబాయి, దమ్మాం, దోహా వెళ్ళే కొడుకును కన్నీళ్ళతో పంపేది ఇక్కడే. రెండేళ్ళకు అతను తిరిగొచ్చినప్పుడు కావలించుకునేదీ ఇక్కడే. రెండు కార్లలో వచ్చిన బంధువులంతా తిరుగు ప్రయాణంలో ఒక పెద్ద హోటలు ముందు ఆగటం ఆనవాయితీ అయిపోయింది. ఆ బిల్లు చెల్లించేది చాలాసార్లు గల్ఫు నుంచి వచ్చిన ఆ కొడుకే. ఈ సంగతి మనసులో ఉంచుకొని ముందుకు సాగుదాం.

బయట తినటం తప్పా?

తప్పు కాదు. పరిశుద్ధమైన వాటిని తినమని, తనకు కృతజ్ఞులై ఉండమని అల్లాహ్ తన దాసులకు ఆదేశించాడు. ఆయన ధర్మసమ్మతం చేసిన రుచులను నిషేధించే అధికారం ఎవరికీ లేదు. భార్యాబిడ్డలను సంతోషపెట్టటం, వంటింట్లో రోజంతా శ్రమించే తల్లికి ఒక పూట విశ్రాంతినివ్వటం, అతిథిని గౌరవించటం మంచి సంకల్పంతో చేస్తే పుణ్యకార్యాలే.

దైవప్రవక్త (స) స్వయంగా ఇల్లు దాటి వెళ్ళి భోంచేసిన ఒక సంఘటనను హజ్రత్ అబూ హురైరా (రజి) వివరించారు. సహీహ్ ముస్లింలో ఇది ఉంది. ఆయన (స) బయటికి రాగా హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) ఎదురయ్యారు. ఈ వేళలో ఇల్లు వదలి ఎందుకు వచ్చారని అడిగితే, ఆకలి వల్లనని వారు చెప్పారు. తననూ ఆకలే బయటికి తెచ్చిందని ఆయన (స) అన్నారు. ముగ్గురూ ఒక అన్సారీ సహాబీ ఇంటికి వెళ్ళారు. మంచినీళ్ళ కోసం వెళ్ళిన ఆ గృహస్థు తిరిగి వచ్చి, తన ఇంటి అతిథులను చూసి సంతోషంతో అల్లాహ్‌ను స్తుతించాడు. ఖర్జూరపు గెల తెచ్చి ముందుంచాడు. కత్తి అందుకుంటుంటే, పాలిచ్చే మేకను మాత్రం కోయవద్దని దైవప్రవక్త (స) వారించారు. వారు మాంసం తిన్నారు, ఖర్జూరాలు తిన్నారు, చల్లని నీళ్ళు త్రాగారు. కడుపు నిండిన తర్వాత ఆయన (స) తన ఇద్దరు సహచరులకు ఒక హెచ్చరిక చేశారు. ఆకలితో ఇల్లు వదలి, ఈ అనుగ్రహం పొంది తిరిగి వెళుతున్నారు, ప్రళయదినాన దీని గురించి మీరు తప్పకుండా ప్రశ్నించబడతారని.

ఆలోచించండి! ఆ ముగ్గురూ ఆకలితో వచ్చినవారు. తిన్నది హలాల్. పెట్టినవాడు మనస్ఫూర్తిగా పెట్టాడు. అటువంటి భోజనానికే లెక్క ఉంటే, ఆకలి లేకపోయినా సరదా కోసం మనం కూర్చునే బల్లకు లెక్క ఉండదా?

బిస్మిల్లాహ్ అనే ముందు

అల్లాహ్ పేరు ఎత్తే ముందు మనం చూసుకోవలసినవి మూడున్నాయి.

మొదటిది, డబ్బు. దూర ప్రయాణంతో జుట్టు చెదిరి, దుమ్ము పట్టి, ఆకాశం వైపు చేతులెత్తి ప్రభువును వేడుకునే ఒక వ్యక్తిని దైవప్రవక్త (స) ప్రస్తావించారు. అతని తిండి, పానీయం, బట్ట అన్నీ హరామ్ అయితే అతని దుఆ ఎలా స్వీకరించబడుతుందని ప్రశ్నించారు. ఉమ్రాకు వెళ్ళేవారిని దుఆ చేయమని కోరి, ఆ వెంటనే క్రెడిట్ కార్డు మీద విందు చేసుకొని, గడువులోగా కట్టలేక నెలనెలా వడ్డీ చెల్లించే స్థితి మనది కాకూడదు. చేతిలో ఉన్నంతలో తిన్న ఇడ్లీకి ఉన్న బర్కత్, అప్పు చేసి తిన్న బిర్యానీకి ఎక్కడిది?

రెండవది, వంటకం. మన ముస్లిం సోదరుల హోటళ్ళలో ప్రతి ముక్కనూ అనుమానించటం ధర్మం కాదు. కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు తెచ్చే మాంసంపై అల్లాహ్ నామం పలికారో లేదో తెలియదని కొందరు అడిగినప్పుడు, మీరు బిస్మిల్లాహ్ చెప్పి తినండని ఆయన (స) బోధించినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. అయితే అన్ని దేశాల వంటలూ ఒకేచోట వడ్డించే పెద్ద హోటళ్ళలో సంగతి వేరు. అక్కడ కొన్ని సాస్‌లలో వైన్ పోస్తారు. తిరమిసు అనే మిఠాయిలో మద్యం కలపటం మామూలు. కొన్ని తీపి వంటకాల్లో వాడే జిలాటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసినది. పంది మాంసం వేయించిన పెనం మీదే మరో మాంసం వేయించవచ్చు. కనుక మర్యాదగా అడగాలి. అడగటంలో చిన్నతనమేమీ లేదు. జైన సోదరులు ఉల్లి, వెల్లుల్లి ఉన్నాయా అని నిస్సంకోచంగా అడుగుతారు. మనం అడగటానికి ఎందుకు సిగ్గుపడాలి?

మూడవది, తోడు. అల్లాహ్‌ను, అంతిమ దినాన్ని విశ్వసించేవారు మద్యం త్రిప్పబడే భోజనబల్ల వద్ద కూర్చోరాదని దైవప్రవక్త (స) స్పష్టంగా వారించారు. విమానాశ్రయం చుట్టుపక్కల ఉద్యోగాలు చేసే మన యువతకు ఇది నిజమైన పరీక్ష. కంపెనీ విందు, పై అధికారి ఆహ్వానం, ఎదుట గ్లాసులు. తాను త్రాగటం లేదు కదా అని సరిపెట్టుకుంటే సరిపోదు. ఆ అధికారికి ముందుగానే వినయంగా చెప్పి, మధ్యాహ్న భోజనానికి కలుద్దామనో, మద్యం లేని చోటికి వెళదామనో కోరవచ్చు. ఒకసారి మర్యాదగా చెప్పిన మాటను ఎదుటివారు గౌరవిస్తారు. నిజానికి తన హద్దు తెలిసినవాణ్ణి చూసి లోకం నమ్మకం పెంచుకుంటుంది.

ఒకే పళ్ళెం, ఒకే కుటుంబం

మందీ తినే పద్ధతి చూడండి. పెద్ద పళ్ళెంలో అన్నం, దాని మీద మాంసం. చుట్టూ నలుగురైదుగురు. కలిసి తినటంలో బర్కత్ ఉందని, ఇద్దరి భోజనం ముగ్గురికి, ముగ్గురిది నలుగురికి సరిపోతుందని మన ప్రవక్త (స) నేర్పారు. పళ్ళెంలో చేయి అటూ ఇటూ త్రిప్పుతున్న బాలుడు ఉమర్ బిన్ అబీ సలమా (రజి)కు అల్లాహ్ పేరు పలకమని, కుడిచేత్తో తినమని, తన దగ్గరున్న వైపు నుంచి తినమని ఆప్యాయంగా చెప్పారు. మన పిల్లలకు ఈ మూడు మర్యాదలు నేర్పటానికి అటువంటి పళ్ళెం కంటే మంచి పాఠశాల ఏముంది?

కాని మన పళ్ళేల చుట్టూ జరుగుతున్నదేమిటి? నలుగురు తినగలిగిన దానికి ఎనిమిది మందికి సరిపడా తెప్పిస్తున్నాం. తక్కువ తెప్పిస్తే వియ్యంకుల ముందు చిన్నతనమనుకుంటున్నాం. తినక ముందు పది ఫొటోలు తీసి బంధువులందరికీ పంపుతున్నాం. ఆ నెల ఇంటి అద్దె కట్టలేని చెల్లెలు కూడా ఆ ఫొటో చూస్తుందని మరచిపోతున్నాం. ధనికులను పిలిచి పేదలను వదిలేసిన వలీమా విందే అత్యంత చెడ్డ భోజనమని హదీసులో ఉంది. పిలవకపోగా, ఫొటోలు చూపి వారి మనసు నొప్పించటం ఇంకెంతటి విషయమో ఎవరికి వారే తూచుకోవాలి.

వడ్డించే చేయి

మీ సేవకుడు భోజనం వండి తెస్తే అతణ్ణి మీతో కూర్చోబెట్టుకోండి, వీలుకాకపోతే ఒకటి రెండు ముద్దలైనా ఇవ్వండి, పొయ్యి వేడినీ వంట శ్రమనూ భరించినవాడు అతనే కదా అని దైవప్రవక్త (స) ఉపదేశించారు. హోటల్లో మనకు వడ్డించే కుర్రవాడు ఏ పల్లె నుంచో, ఏ దూర రాష్ట్రం నుంచో వచ్చి ఉంటాడు. దోహాలో మన కొడుకు ఎవరికో వడ్డిస్తున్నట్లే అతనూ వడ్డిస్తున్నాడు. అతణ్ణి చిటికె వేసి పిలవటం, ఉప్పు తక్కువైందని నలుగురిలో కసరటం విశ్వాసి లక్షణం కాదు. దైవప్రవక్త (స) ఎన్నడూ ఏ ఆహారాన్నీ తప్పుపట్టలేదు. ఇష్టమైతే తినేవారు, లేకపోతే వదిలేసేవారు.

సర్వీసు ఛార్జీని హోటళ్ళు తమంతట తాము బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల సంరక్షణ సంస్థ 2022 జులైలో నిర్దేశించింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దాన్ని సమర్థించింది. కనుక అటువంటి రుసుము వేస్తే మృదువుగా తీసివేయించుకోవచ్చు. ఆ పని చేసినవారు ఆ సొమ్మును జేబులో వేసుకోకుండా, వడ్డించినవాని చేతిలో పెడితే అది రెండు విధాలా న్యాయం.

అల్‌హమ్దులిల్లాహ్ అనే వేళ

ఇక చివరి మాట. పళ్ళెంలో సగం అన్నం మిగిల్చి అల్‌హమ్దులిల్లాహ్ అనటం ఎలా సాధ్యం? ఆహారంలో ఏ భాగంలో బర్కత్ ఉందో మీకు తెలియదని చెబుతూ, పళ్ళేన్నీ వేళ్ళనూ శుభ్రంగా నాకమని, కింద పడిన ముద్దను కూడా మట్టి దులిపి తినమని, దాన్ని షైతానుకు వదలవద్దని దైవప్రవక్త (స) ఆదేశించారు. తినండి, త్రాగండి, కాని మితిమీరకండన్నది దివ్యఖుర్ఆన్ బోధ. దుబారా చేసేవారిని అది షైతాను సోదరులుగా పేర్కొంది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతటా సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో హోటళ్ళు, క్యాంటీన్ల వంటి చోట్ల వృథా అయినది సుమారు 29 కోట్ల టన్నులు. మన ఇళ్ళ వంటిళ్ళలో వృథా అయినది దానికి రెండింతల పైనే. అదే కాలంలో 78 కోట్లకు పైగా జనం ఆకలితో ఉన్నారు.

ఈ అంకెలు పెద్దవి, దూరంగా కనిపిస్తాయి. దగ్గరి లెక్క ఒకటి చూద్దాం. యాభై డిగ్రీల ఎండలో ఇనుప చువ్వలు మోసిన కొడుకు ఓవర్‌టైమ్ చేసి పంపిన డబ్బు అది. అతను గదిలో రొట్టె, పప్పుతో పూట గడిపి మిగిల్చిన డబ్బు అది. ఆ డబ్బుతో తెప్పించిన మాంసం ముక్క తినకుండానే చెత్తబుట్టలోకి పోతున్నదంటే, అతని చెమటలో ఒక గంట అందులో పోయినట్లే. అబ్బా, అమ్మీ కళ్ళలో ఆనందం చూడాలని అతను బిల్లు కడతాడు, నోరు తెరిచి అడ్డు చెప్పడు. చెప్పవలసింది మనమే.

చేయవలసినవి కష్టమైనవేమీ కావు. మొదట తక్కువ తెప్పించుకుందాం, చాలకపోతే మళ్ళీ తెప్పించుకుందాం. బఫేలో డబ్బు కట్టాం కదా అని పళ్ళెం నింపవద్దు, కట్టింది తినటానికే గాని పారేయటానికి కాదు. ఎంగిలి పడని ఆహారం మిగిలితే సంకోచం లేకుండా పార్సిల్ చేయించి, పాడవకముందే ఆకలిగా ఉన్నవారికి అందిద్దాం. మగ్రిబ్ వేళ దాటిపోకుండా దారిలోని మస్జిదు చూసుకొని బయలుదేరుదాం. ఏడాదికి ఎన్నిసార్లు బయట తింటామో ఇంట్లో అందరూ కలిసి నిర్ణయించుకుందాం. అలా వెళ్ళిన ప్రతిసారీ ఆ బిల్లులో కొంత భాగమైనా ఇంటి పక్కనున్న పేద కుటుంబానికి చేరేలా చూద్దాం. పులుసు వండినప్పుడు కాసిని నీళ్ళు ఎక్కువ పోసి పొరుగువారిని తలచుకోమన్న ప్రవక్త (స) అనుచరులం మనం.

అప్పుడు శంషాబాద్ దారిలోని బల్ల కూడా మన ఇంటి దస్తర్‌ఖానే అవుతుంది. రేపు ఆ అనుగ్రహం గురించి ప్రశ్న ఎదురైనప్పుడు, తిన్నామని, పంచామని, నీకు కృతజ్ఞత తెలిపామని చెప్పుకోగలుగుతాం.

అల్లాహ్ మన సంపాదనలో హలాల్‌ను, మన భోజనంలో బర్కత్‌ను, మన నాలుకలపై కృతజ్ఞతను ప్రసాదించుగాక! పరాయి దేశాల్లో శ్రమిస్తున్న మన బిడ్డలను తన రక్షణలో ఉంచి, క్షేమంగా ఇల్లు చేర్చుగాక! ఆమీన్.