గోళ్ళరంగులో చిత్రరూప విచారం

ఒక సీసాలోని రంగును గోటిమీద వేసి, పక్కవేలి గోటికి మరో సీసాలోని రంగును పూసి, రెండింటిలో ఏది చిక్కని ఎరుపో ఏది ఎక్కువ నిగనిగలాడుతుందో తేల్చుకోవడం పైకి చిన్న పనిగానే కనిపిస్తుంది. కాని ఆ పని చేసేవారు తమకు తెలియకుండానే కొన్ని సిద్ధాంతాలను అంగీకరిస్తారు: రంగు వస్తువులోనే ఉండే ధర్మమని, కన్ను దానిని ఉన్నదున్నట్టు గ్రహించగలదని, వేర్వేరు వస్తువుల్లోని రంగులను పక్కపక్కన నిలిపి పోల్చడం సార్థకమేనని. భారతీయ దర్శనాల్లో ఈ అంగీకారాలను న్యాయవైశేషికం సమర్థించినంత పట్టుదలగా మరొకటి సమర్థించలేదు. రంగుకూ మెరుపుకూ మధ్య గీత ఎక్కడ గీయాలి, పలు రంగులు కలిసి ఒకే వస్తువులో కనిపించినప్పుడు ఆ వస్తువు రంగు ఏమిటి అన్న ప్రశ్నలను కూడా ఆ దర్శనమే శతాబ్దాల పాటు చర్చించింది కనుక, నేటి గోళ్ళరంగులను దాని ఎదుట పెట్టి చూడడం వినోదం కోసం చేసే పని కాదు.

ఆంధ్రదేశానికి చెందిన అన్నంభట్టు 17వ శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహం నేటికీ తర్కశాస్త్ర విద్యార్థి చేతికి మొదట వచ్చే గ్రంథం. కన్ను ఒక్కదానిచేతనే గ్రహించదగిన గుణాన్ని ఆయన రూపం అన్నాడు. ఇక్కడ రూపమంటే ఆకారం కాదు, రంగే; ఆకారాన్ని వేలితో తడిమి కూడా తెలుసుకోవచ్చు కాబట్టి అది ఈ నిర్వచనంలో ఇమడదు. తెలుపు, నీలం, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, కపిశం అనే గోధుమవన్నె, చిత్రం అని రూపం ఏడు విధాలు. పృథివిలో ఈ ఏడూ ఉంటాయి. నీటిలో మెరవని తెలుపు, అంటే అభాస్వర శుక్లం, తేజస్సు అనే అగ్నిద్రవ్యంలో మెరిసే తెలుపు, అంటే భాస్వర శుక్లం ఉంటాయి. తెలుపును ఇలా రెండుగా చీల్చిన క్షణంలోనే శాస్త్రకారులు మెరుపును రంగు గడపలోకి రానిచ్చారు. మిగిలిన ఆరింటికీ ఆ విభజన చేయకపోవడం గమనించదగ్గది: మెరిసే ఎరుపు, మెరవని ఎరుపు అనే భేదానికి ఆ జాబితాలో చోటు లేదు.

గోళ్ళరంగు ద్రవ్యంగా ఏమిటో ముందు తెలియాలి. నైట్రోసెల్యులోజ్ అనే పదార్థాన్ని ఈథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ వంటి త్వరగా ఆవిరైపోయే ద్రావకాల్లో కరిగించి, పొర విరగకుండా వంగనిచ్చే ద్రవ్యాలనూ రంగునిచ్చే పొడులనూ కలిపితే సీసాలోని చిక్కని ద్రవం తయారవుతుంది. పూసిన కొద్ది నిమిషాల్లో ద్రావకం ఎగిరిపోయి గోటిపై పలుచని గట్టి పొర మిగులుతుంది. నైయాయికుడి లెక్కలో ఆ పొర గోటికంటె భిన్నమైన ద్రవ్యం. ఎరుపు దానిలో సమవాయ సంబంధంతో, అంటే విడదీయరాని సంబంధంతో ఉంటుంది. గోటికీ పొరకూ మధ్య ఉన్నది సంయోగం, అంటే కలవగలిగి విడిపోగలిగే సంబంధం మాత్రమే. కాబట్టి “ఎర్రని గోరు” అన్నప్పుడు ఎరుపు గోటికి నేరుగా చెందదు. తనకు ఆశ్రయమైన పొరతో గోరు కలిసి ఉండడం అనే పరంపరా సంబంధం ద్వారా చెందుతుంది. దాసానిపువ్వు పక్కన పెట్టిన స్ఫటికం ఎర్రగా కనిపించడాన్ని పలు దర్శనాలు ఉదాహరిస్తాయి; గోళ్ళరంగు ఆ స్ఫటికానికి దగ్గర చుట్టమే గాని, పువ్వు ఇక్కడ పక్కన కాక పైన అతుక్కుని ఉంటుంది.

గోరింటాకు సంగతి వేరు. దాని ఆకులోని లాసోన్ అనే రంజకం చర్మంలోను గోటిలోను ఉండే కెరాటిన్‌తో కలిసిపోతుంది. తుడిచి తీసేయడానికి పైపొర అంటూ ఏమీ మిగలదు, గోరు పెరిగి కత్తిరించేదాకా ఎరుపు దానితోనే ఉంటుంది. ఈ తేడా తర్కశాలకే పరిమితం కాలేదనడానికి ఇస్లాం ధర్మశాస్త్రం సాక్ష్యం. నమాజుకు ముందు చేసే వుజూలో నీరు చేతులనూ గోళ్ళనూ తాకాలి కనుక, నీటిని అడ్డుకునే పొరగా ఏర్పడే గోళ్ళరంగును ముందే తీసివేయాలని ఎక్కువమంది ధర్మశాస్త్రవేత్తలు చెబుతారు. మెహందీకి ఆ ఆటంకం లేదని, అది రంగే తప్ప పొర కాదని అంటారు. గాలినీ తేమనూ పోనిస్తాయని చెప్పే కొత్తరకం గోళ్ళరంగులు వచ్చాక ఈ చర్చ మళ్ళీ రగిలింది. ఆవిరి పోనిచ్చినంత మాత్రాన నీరు గోటిని తాకినట్టేనా అన్న విషయంలో అభిప్రాయాలు ఒకటి కాలేదు. సమవాయమా సంయోగమా అన్న ప్రశ్న ఇక్కడ ఒక ఆరాధన చెల్లుతుందా లేదా అన్నదాకా పోతుంది.

ఇక అసలు చిక్కు మెరుగుల దగ్గర మొదలవుతుంది. ఒకే మెరూన్ రంగు పొడిని నిగనిగలాడే గ్లాసీ పొరగానూ, మెరుపు చంపిన మ్యాట్ పొరగానూ తయారు చేయవచ్చు. గ్లాసీ పొర నునుపైనది కావడంతో పైకి తాకిన వెలుగును ఒకే దిక్కుగా తిప్పికొడుతుంది. ఆ దిక్కున తప్ప మిగతా చోట్ల నుంచి చూసేవారికి లోపలి రంగు చిక్కగా కనిపిస్తుంది. మ్యాట్ పొరలో కలిపిన సిలికా రేణువులు ఉపరితలాన్ని గరుకు చేసి వెలుగును అన్ని దిక్కులకూ చెదరగొడతాయి. ఆ చెదిరిన తెల్లని వెలుగు కొంత కలవడం వల్ల అదే మెరూన్ కాస్త వెలిసినట్టు తోస్తుంది. గ్లాసీ రంగు మీద మ్యాట్ టాప్ కోట్ ఒక్క పూత వేస్తే చాలు, కింద ఉన్న రంగు రేణువొక్కటీ మారకుండానే షేడు మారిపోతుంది. ఇక్కడ మారినది రూపమా, కాదా? గరుకుదనం స్పర్శకు అందుతుంది గనుక అది రూపం కాదు అనవచ్చు. కాని మెరుపును వేలు ఎరగదు. కన్ను ఒక్కటే ఎరుగును. అన్నంభట్టు నిర్వచనాన్ని అక్షరాలా పట్టుకుంటే మెరుపు రూపంలోనే చేరాలి, ఆయన జాబితాను పట్టుకుంటే చేరకూడదు.

ఈ ఇరకాటానికి శాస్త్రంలోనే ఒక ప్రాచీన పరిష్కారం ఉంది. అది దొరికేది రంగుల ప్రకరణంలో కాదు, బంగారాన్ని గురించిన చర్చలో. న్యాయవైశేషికుల మతంలో బంగారం పృథివి కాదు, గనిలో పుట్టిన తేజస్సు. మరి పచ్చగా ఎందుకున్నదంటే, ఆ పచ్చదనం దానితో కలిసి ఉన్న పార్థివ భాగానిదని, బంగారానికి సహజమైన భాస్వర శుక్లం ఆ పార్థివ రూపం చేత అణగి ఉన్నదని సమాధానం. రసాయన శాస్త్రంగా దీన్ని నేడెవరూ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కరలేదు కూడా. కాని వన్నె ఒక ద్రవ్యానిది, కాంతి మరో ద్రవ్యానిది అని పంచి పెట్టడంలోని ఆలోచన సూక్ష్మమైనది. మెటాలిక్ గోళ్ళరంగులో సన్నని అల్యూమినియం రేకులు వెలుగును తిప్పికొడుతూ ఉండగా, వాటి నడుమ ఉన్న రంజకం వన్నెనిస్తుంది. పంపకం దాదాపు ఆ పద్ధతిలోనే జరిగింది.

భక్తి సాహిత్యం మాత్రం ఈ పంపకానికి ముందే తన పక్షం ఎంచుకుంది. లలితా సహస్రనామంలో ఒక నామం అమ్మవారి కాలిగోళ్ళ కాంతి నమస్కరించే భక్తుల తమోగుణాన్ని పోగొడుతుందని అంటుంది. అక్కడ స్తుతి కాంతికే, వన్నె ఊసు లేదు. శంకరుల పేరిట ప్రసిద్ధమైన సౌందర్యలహరిలోని ఒక శ్లోకం దేవి గోళ్ళ వెలుగు అప్పుడే విచ్చిన తామర ఎరుపును పరిహసిస్తుందని చెప్పి, కమలంలో విహరించే లక్ష్మి పాదాల లత్తుక అంటితే తామర ఆ చేతులకు కొంచెమైనా సాటి వస్తుందేమో అంటుంది. ఇదీ రంగుల పోలికే. తామర తన సొంత రూపంతో సాటి రాలేక, మరొకరి పాదాలనుంచి అంటిన పూతతో సాటికి రావలసి ఉంది. దేవి గోళ్ళకు మాత్రం ఏ పూతా అక్కరలేదు. ఆలంకారికులు ఇక్కడ ఉపమానం తక్కువైందని మెచ్చుకుంటారు, తార్కికుడు పరంపరా సంబంధాన్ని కనిపెడతాడు.

ఏడవ రూపమైన చిత్రం మీద జరిగిన వాదం గ్లిట్టర్ రంగులకు నేరుగా వర్తిస్తుంది. పారదర్శకమైన పొరలో ఎరుపు, నీలం, బంగారు తునకలు చల్లినట్టున్న గోటిని చూపించి దీని రంగేమిటని అడిగితే ఏమని చెప్పాలి? అన్నంభట్టు తన గ్రంథానికి తానే రాసిన దీపికా వ్యాఖ్యలో ఇలాంటి ప్రశ్నను పలురంగుల వస్త్రం గురించి లేవదీశాడు. నీలం, పసుపు మొదలైనవి ఒక్కొక్క భాగంలో ఉన్నాయంటే సరిపోదా అంటే, సరిపోదన్నాడు. ఎందుకంటే రూపం వ్యాప్యవృత్తి, అంటే తానున్న ద్రవ్యాన్ని అంతటా వ్యాపించి ఉండే గుణం. పోనీ దారాలకే రంగులున్నాయి, వస్త్రానికి లేదు అంటే, రూపం లేని వస్త్రం కంటికి కనిపించనే కనిపించకూడదు. కాబట్టి చిత్రమనే ఒకే ఒక రంగు వస్త్రమంతటా ఉన్నదని తీర్మానం. నవ్యనైయాయికుల్లో కొందరికి ఈ వాదం మింగుడుపడలేదు. చెట్టుకు కోతితో సంయోగం ఒక కొమ్మ దగ్గర ఉండి మొదలు దగ్గర లేకపోయినట్టే రంగు కూడా అవ్యాప్యవృత్తి కావచ్చునని, అదనంగా ఒక ఏడవ రంగును కల్పించడం గౌరవదోషమని వారు వాదించారు. గౌరవమంటే ఇక్కడ అనవసరమైన బరువు. బౌద్ధులు ఈ తగవును మరో దిక్కుకు మళ్ళించారు. వస్తువు ఒకటా అనేకమా అని తగువులాడే ముందు, పలు రంగులు భాసించే జ్ఞానం ఒకటెలా అయిందో చెప్పమని ధర్మకీర్తి అడగగా, 11వ శతాబ్దిలో జ్ఞానశ్రీమిత్రుడు, రత్నకీర్తి ఆ ప్రశ్న మీదనే చిత్రాద్వైతమనే వాదాన్ని నిలబెట్టారు.

గ్లిట్టర్ వరకూ నవ్యుల మాటే నెగ్గుతుందని ఒప్పుకోవాలి. ప్రతి తునకనూ వేలెత్తి చూపగలిగినప్పుడు అన్నిటినీ కలిపి మింగే ఒక చిత్రరూపం అవసరమనిపించదు. కాని ముత్యపు మెరుగుతో వచ్చే రంగులు, పక్కకు తిప్పితే వన్నె మార్చే మల్టీక్రోమ్ రంగులు ప్రాచీనులనూ నవ్యులనూ ఒకే ఇబ్బందిలో పడవేస్తాయి. ముత్యపు మెరుగునిచ్చే పొడిలో అభ్రకపు రేకుల మీద టైటానియం డయాక్సైడ్ పూత ఉంటుంది. అభ్రకానికి వన్నె లేదు. టైటానియం డయాక్సైడ్ తెల్లని పొడి. అయినా పూత మందం కొన్ని పదుల నానోమీటర్లు అటూ ఇటూ అయ్యేసరికి అవే రేకులు ఒకసారి వెండిలా, ఒకసారి బంగారంలా, మరోసారి నీలంగా, పచ్చగా మెరుస్తాయి. పూత పైముఖం నుంచీ అడుగుముఖం నుంచీ తిరిగివచ్చే వెలుగు తరంగాలు కలుసుకుని కొన్ని వన్నెలను బలపరచి కొన్నింటిని రద్దు చేయడమే దీనికి కారణం.

అవయవాల రూపమే అవయవిలో, అంటే వాటితో ఏర్పడిన మొత్తం వస్తువులో, రూపాన్ని పుట్టిస్తుందన్నది న్యాయవైశేషికానికి మూలస్తంభం వంటి నియమం. నల్లదారాల నుంచి నల్లబట్టే వస్తుంది. తెల్లనివీ వన్నెలేనివీ అయిన అవయవాల నుంచి ఆకుపచ్చ పుట్టిందంటే ఆ నియమం ఎక్కడో బీటలు వారినట్టే. ఇటువంటి చోటునే చార్వాకులు కనిపెట్టి ఉన్నారు: తమలపాకు, వక్క, సున్నం వీటిలో దేనిలోనూ లేని ఎరుపు మూడూ కలిసినప్పుడు నోటిలో పుట్టినట్టే, భూతాల కలయికలో చైతన్యం పుడుతుందని వారి పేర చెప్పే వాదం. తాంబూలానికి నైయాయికుడు తడుముకోకుండా జవాబు చెప్పగలడు. ద్రవ్యాలు మారి పాతరంగు నశించి కొత్తరంగు పుట్టిందంటాడు. ముత్యపు మెరుగు విషయంలో ఆ జవాబు చెల్లదు. అభ్రకం అభ్రకంగానే, పూత పూతగానే ఉన్నాయి, ఏదీ మారలేదు, కేవలం మందమనే పరిమాణ భేదం వన్నెగా కనిపించింది. చార్వాకుడికి తాంబూలం కంటె ఈ పొడి ఎంతో మంచి ఉదాహరణ అయ్యేది.

ఆ మెరుపు వస్తువుది కాదు, వెలుగుది అని తప్పించుకోవచ్చు. ఐరోపాలో ఆ దారి తొక్కినవారున్నారు. 1690 తేదీతో వెలువడిన గ్రంథంలో జాన్ లాక్ ఎరుపు తెలుపు కలిసిన పోర్ఫిరీ శిలను చూపి, వెలుగు తీసేస్తే దానిలో ఏ రంగూ ఉండదని వాదించాడు. చీకట్లో రంగు ఉంది, దాన్ని చూడడానికి సహకారికారణమైన వెలుగు లేదు, అంతే అని నైయాయికుడు దానికి సులువుగా బదులిస్తాడు. క్రీమ్ తరహా సాదా రంగుల విషయంలో ఆ బదులు లాక్ వాదం కంటె సహజంగానే తోస్తుంది. కాని వెలుగు సహకారి అన్నప్పుడు ఏ వెలుగు అన్న ప్రశ్నను శాస్త్రం అడగలేదు. షాపులోని ఎల్ఈడీ దీపం కింద ఒక్కలాగే ఉన్న రెండు షేడులు బయటి ఎండలో వేర్వేరుగా కనిపించడం అరుదు కాదు. వేర్వేరు రంజకాల మిశ్రమాలు ఒక దీపం కింద కంటికి ఒకటిగా తోచి మరో దీపం కింద విడిపోతాయి. ఈ రెండు జ్ఞానాల్లో ఏది ప్రమ, అంటే యథార్థ జ్ఞానం, ఏది భ్రమ? రంగుల పరిశ్రమ ఈ చిక్కును ఒప్పందంతో తెంచుకుంది. వెలుగు కొలతలను నిర్ణయించే అంతర్జాతీయ సంఘం సీఐఈ 1931లో మొదటి ప్రామాణిక దీప్తులను నిర్వచించి, తరువాత పగటి వెలుగుకు ప్రతినిధిగా డీ65ను చేర్చింది.

ఒప్పందం ప్రమను నిర్ణయించడం నైయాయికుడికి రుచించదు. ఆయనకు మరో కొలత ఉంది. జ్ఞానం యథార్థమని దానంతట అదే తెలియదు, దాన్ని నమ్మి చేసిన పని ఫలించినప్పుడే తెలుస్తుందన్నది పరతఃప్రామాణ్య వాదం. దూరాన నీరు కనిపించినవాడు వెళ్ళి దాహం తీర్చుకున్నాకే ఆ చూపు నిజమని నిశ్చయిస్తాడు. బాధకం కనబడేవరకూ జ్ఞానం స్వతహాగానే ప్రమాణమని మీమాంసకుడు అంటాడు. సీసా మూతమీది రంగును చూసి కొనుక్కుపోయేవారు మీమాంసకులు, గోటికి రెండు పూతలు వేసి ఆరనిచ్చి ఎండలోకి తీసుకెళ్ళి చూసేవారు నైయాయికులు అనడంలో కొంత చమత్కారమున్నా అబద్ధం లేదు. రాత్రి పెళ్ళి మండపంలో దీపాల కింద మెరవాలని కొన్న షేడు అక్కడ అనుకున్నట్టే మెరిస్తే, కొన్నవారి జ్ఞానం ఆ కొలతమీద నెగ్గినట్టే. పగటి వెలుగులో అది వెలవెలపోవడం ఆ జ్ఞానాన్ని ఖండించదు.

మల్టీక్రోమ్ పూసిన ఒకే గోటిని ఎదురుగా కూర్చున్న ఒకరు ఆకుపచ్చ అని, పక్కన కూర్చున్న మరొకరు ఊదా అని చూసినప్పుడు ఈ కొలత రెండు చూపులనూ సమానంగా నెగ్గిస్తుంది. ఆకుపచ్చ చీరకు జత కుదురుతుందనుకున్నవారికీ, ఊదా చీరకు కుదురుతుందనుకున్నవారికీ ఫలం దక్కుతుంది. ఇద్దరిలో ఎవరిదీ భ్రమ కాదు. తునకలు వేరు కావు, చోటు వేరు కాదు కనుక నవ్యుల అవ్యాప్యవృత్తి ఇక్కడ అక్కరకు రాదు. ఏ ఒక్కరికీ రెండు వన్నెలూ ఒకేసారి భాసించడం లేదు కనుక ప్రాచీనుల చిత్రరూపమూ నిలవదు. ఫలించిన రెండు జ్ఞానాలనూ ప్రమలుగా ఉంచుకోదలచిన నైయాయికుడు, రూపం ద్రవ్యంలో మాత్రమే కాక ద్రవ్యానికీ చూసేవాడి దిక్కుకూ మధ్య కూడా ఉంటుందని, అంటే కనీసం ఈ ఒక్క జాతి వన్నెల విషయంలో అది గుణంగా కాక సంబంధంగా ఉంటుందని ఒప్పుకోవలసి వస్తుంది. అలా ఒప్పుకుంటే తర్కసంగ్రహంలోని ఏడు రూపాల జాబితాకు ఎనిమిదవది చేర్చడంతో పని ముగియదు. గుణాల ప్రకరణాన్నే మళ్ళీ మొదటినుంచి రాయవలసి ఉంటుంది.