శంఖం ఎవరి చేతిలో ఉంది?

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అనే సామెతను మనం ఎప్పుడూ వినేవాడి మీదే వాడతాం, ఎంత చెప్పినా ఎక్కించుకోడని విసుక్కోవడానికి. ఊదినవాణ్ణి మాత్రం ఎవరూ అడగరు: వినపడదని తెలిసీ శంఖమే ఎందుకు తీశావు, చేత్తో సైగ చెయ్యొచ్చు కదా అని. మాట చేరకపోతే తప్పు చెవిదా, మాట పంపిన పద్ధతిదా? పాత ప్రశ్నే. వీడియో కాల్స్ వచ్చాక అది ప్రతి ఇంట్లోకీ వచ్చి కూర్చుంది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఊళ్ళనే చూడండి. గల్ఫ్‌కి పోయిన మనిషి లేని వాడకట్టు అక్కడ తక్కువ. కామారెడ్డి జిల్లా ఏర్పడింది 2016 అక్టోబర్ 11న. వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చింది ఆ మరుసటి నెలలో. దూరదేశంలో ఉన్న కొడుకు ముఖం రోజూ చూడొచ్చు. కానీ వయసుతో వినికిడి తగ్గిన తల్లికి ఆ కాల్‌లో ఇంకో మనిషి కావాలి. కోడలో మనవరాలో పక్కన కూర్చుని "పైసలు పంపిండట", "పానం మంచిగనే ఉందట" అని గట్టిగా చెప్పాలి. సమాచారం అందుతుంది. కానీ కోడలి గురించి కొడుక్కి చెప్పుకోవాల్సిన మాట కోడలి నోటి మీదుగా పోదు కదా. వినికిడితో పాటు ఆ తల్లికి ఏకాంతం కూడా పోయింది.

వయసుతో వచ్చే చెముడులో ముందుగా పోయేవి హై ఫ్రీక్వెన్సీ ధ్వనులు. అచ్చులు కింది స్థాయిలో ఉంటాయి కాబట్టి వినపడతాయి. స, చ, త, క లాంటి హల్లులు జారిపోతాయి. "వినపడ్తుంది గానీ సమజ్ గాట్లే" అని పెద్దవాళ్ళు అనేది అందుకే. పాలు, కాలు, చాలు మూడూ ఒకేలా ఉంటాయి. అయితే 'పా' అనేటప్పుడు పెదాలు కలుస్తాయి, 'కా' అనేటప్పుడు కలవవు. చెవి వదిలేసినదాన్ని కన్ను పట్టుకుంటుంది.

మరి నెట్‌వర్క్ బలహీనపడితే? కాలింగ్ సాఫ్ట్‌వేర్ సాధారణంగా గొంతును కాపాడి బొమ్మను వదులుకుంటుంది. ముందు మసక, తర్వాత ఆగి ఆగి కదలడం, చివరికి వీడియో ఆపేసుకోమని సలహా. సాఫ్ట్‌వేర్ రాసేవాడిగా దీని వెనకున్న లెక్క నాకు తెలుసు: మాట ముఖ్యం, బొమ్మ అలంకారం. చాలామంది విషయంలో అది సరైన లెక్కే. ఆ తల్లి విషయంలో తలకిందులు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. మనిషంటే వినేవాడు అన్న ఊహ డీఫాల్ట్‌గా కోడ్‌లో ఉండిపోయింది. దుర్మార్గం లేనంత మాత్రాన అన్యాయం లేదనలేం.

సమానత్వం అంటే దేనిలో సమానత్వం అని అమర్త్య సేన్ 1979లో ఒక ఉపన్యాసంలో అడిగాడు. చేతికిచ్చిన వస్తువు సమానమైతే చాలదు, దానితో మనిషి ఏం చేయగలుగుతున్నాడో చూడాలన్నది ఆయన వాదన. ఇద్దరు తల్లులు ఒకే రీచార్జ్ చేయించుకున్నారు. ఒకామె కొడుకుతో మాట్లాడింది, ఇంకొకామె ఆగిపోయిన బొమ్మను చూసింది.

కొద్దిమంది కోసం అందరి కాల్ పాడు చేయాలా అంటారు. అక్కర్లేదు. "నాకు బొమ్మే ముఖ్యం" అని చెప్పుకునే బటన్ ఒకటి చాలు. ఇది అసాధ్యమూ కాదు. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్ళ మొబైల్ ఏఎస్ఎల్ ప్రాజెక్టు, 2000ల దశకంలోనే, అప్పటి సెల్ నెట్‌వర్కుల మీద సైగభాషలో మాట్లాడుకునేలా వీడియోను కుదించింది. సైగలు చూసేవాళ్ళ చూపు ఎక్కువసేపు ఎదుటివాళ్ళ ముఖం మీదే ఉంటుంది కాబట్టి, ఉన్న కొద్ది డేటానూ అక్కడ ఖర్చు పెట్టింది.

క్యాప్షన్లు ఉన్నాయిగా? చదువుకున్నవాళ్ళకు గొప్ప సాయమే. బీడీలు చుట్టి ఇల్లు నడిపిన, బడి ముఖం చూడని తల్లికి ఆ అక్షరాలు ఇంకో శంఖం. పైగా "ఏంజేస్తున్నవ్ అవ్వా, తిన్నవా" అన్నదాన్ని, మధ్యలో దొర్లే ఉర్దూ మాటల్ని యంత్రం ఏ తెలుగులోకి మారుస్తుందో! పోనీ వేరే యాప్ వాడుకోమందామా? దుబాయిలో వాట్సాప్ కాల్స్ మీద నిషేధం ఉంది, బోటిమ్ లాంటివే దిక్కు. ఆ ఎంపిక కూడా వాళ్ళ చేతిలో లేదు.

చట్టం సంగతి చూస్తే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నష్టం ఉంటేనే లెక్కలోకి తీసుకుంటుంది. అంతకు చాలా ముందే ఫోన్‌లో మాట చేజారిపోతుంది. లెక్కలోకి వచ్చినవాళ్ళకైనా అడిగితే గానీ చోటు దొరకదు. 2023 సెప్టెంబర్‌లో బధిర న్యాయవాది సారా సన్నీ సుప్రీంకోర్టులో ఆన్‌లైన్ విచారణకు హాజరైనప్పుడు, ఆమెకు తెర మీద గడి ఇవ్వడానికి మొదట ఒప్పుకోలేదు. ప్రధాన న్యాయమూర్తి అనుమతించాకే ఇచ్చారు. ఇంతా చేసి అడిగింది తెర మీద ఒక చిన్న గడి.

మాట అందించే బాధ్యత మాట్లాడేవాడిది అని ఒప్పుకుంటే, అది కంపెనీల దగ్గరే ఆగదు. ఫోన్ పట్టుకున్న కొడుకూ దీపాన్ని వీపు వెనక పెట్టుకోకుండా ముఖం మీద పడేలా కూర్చోవాలి. నడుస్తూ కాకుండా ఒకచోట నిలబడి మాట్లాడాలి. అన్నిటికన్నా ముఖ్యం, తల్లి మూడోసారి "ఏందీ?" అన్నప్పుడు "ఏం లేదులే" అనకుండా ఉండాలి. ఆ మాటను మింగేసింది నెట్‌వర్క్ కాదు, మనమే.