బోనులోని ప్రాణి

సర్వభూతదయ భాగవతుల లక్షణమని పెద్దలు చెప్పుదురు. ఆ మాట వినగనే మన మనస్సున గోవు మెదలును, లేడి మెదలును. ఎలుక మెదలుట అరుదు.

విజయవాడ ఆటోనగరులో మా కుమారునకు లారీల బాడీలు కట్టు షెడ్డు కలదు. కొయ్యపలకలు, పాతసీట్ల స్పాంజి, పనివారి అన్నపు క్యారియర్లు ఉన్నచోట చిట్టెలుకలకు కొదవ యేమి? ఒకనాటి ఉదయము బోనులో ఒకటి పడినది. బకెట్టు నీళ్లలో ముంచుదమని పనివాడొకడనెను. తొమ్మిదేండ్ల మనుమడు బోనును రొమ్మున కదుముకొని, "తాతయ్యా, దీన్ని చంపొద్దు. మనింట్లో పెంచుకుందాం" అనెను. చంపుటకును పెంచుటకును నడుమ మూడవ త్రోవ ఆ క్షణమున నాకును తోచలేదు.

పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ అను ఐదును గృహస్థునకు హింసాస్థానములని మనుస్మృతి చెప్పినది. పరిహారముగా విధించిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞ మొకటి. ప్రాణులకై కొంత అన్నము నేలపై నుంచి మనము తొలగిపోవుదుము. తిన వచ్చినదానిని పట్టి ఉంచుకొనుట ఆ యజ్ఞములో భాగము కాదు.

భాగవత పంచమస్కంధములోని భరతుని కథ పాఠకులెరిగినదే. సింహగర్జనకు బెదరి నది దాటబోయిన లేడి మరణించెను. నీటబడిన పిల్లను భరతుడు ఎత్తుకొనివచ్చెను. ఎత్తుట దోషమా? కాదు. విడిచియుండిన మునిగియుండెడిది. అది గడ్డి మేయనేర్చిన పిదపకూడ "నాది" అనుకొనుట, దాని వెంట తన పూజను మరచుట, అంత్యకాలమున దానినే తలచుట, ఇవియే ఆయనను లేడిజన్మకు ఈడ్చినవి. దయ ఎచట ముగిసినదో, మమత ఎచట మొదలైనదో ఆ మహాత్మునకే తెలియలేదు. ఇక పసివానికి తెలియునా?

ఎదిగిన అడవియెలుక మనిషిచేతికి సులభముగ మాలిమి కాదు. రాత్రులు తిరుగుట, కొరుకుట, దాగుట దాని జీవనము. ఎలుకల మూత్రమువలన మనుష్యులకు ఎలుకజ్వరము సోకవచ్చును గనుక పిల్లలున్న యింట దానిని పంజరమున నుంచుట పాడి కాదు. అట్లని జిగురు అట్టపై అంటించి గంటలకొలది విలవిలలాడనిచ్చుట మరింత ఘోరము. డెల్టా వరిచేలలో బుట్టలు పెట్టించు రైతును మాత్రము నేను నిందింపలేను. ఆ గింజయే మన నైవేద్యము.

దూరముగ కాలువగట్టున విడుతమని నిశ్చయించి బోనెత్తితిని. అప్పుడు దాని పొట్టక్రింద ఉబ్బిన చనుమొనలు కనబడినవి. స్పాంజిచుట్టలో వెదకగా వెండ్రుకలైన మొలవని ఐదు కూనలు! తల్లిని దూరమున విడిచియుంటిమా, అహింస పేరిట ఐదు ప్రాణములు తీసియుందుము. నా తొందరకు నాకే సిగ్గైనది.

బోను తలుపును ఆ చుట్టప్రక్కనే తీసితిమి. కూనలు కన్నులు తెరచుటకు రెండువారములు, పాలు మానుటకు మూడువారములు పట్టును. అప్పటివరకు ఆగి, పిదప కన్నములకు సిమెంటు, తలుపు క్రిందికి రేకు వేయుదమని నేనంటిని. కుమారుడు కొంత గొణిగెను. గొణుగుట న్యాయమే. ఆ మూడువారములలో ఒక క్రొత్త సీటు రెగ్జిను చిరిగినది. దాని వెల యజమానివద్ద పుచ్చుకొనక మేమే భరించితిమి. మనుమడు ఖాళీబోనును అటకపై పెట్టివచ్చి, ఆ ఐదును ఇప్పుడు ఎక్కడుంటవని నన్నడిగెను. తెలియదంటిని.